"అందింది బావా": మట్టి బరిలో మర్యాదలు

చెడుగుడు, అదే కబడ్డీ, ఆడిన ఊళ్ళలో ఆటంతటికీ ఆయువుపట్టు లాంటి మాట ఒకటుండేది: "అందింది." కూత పెడుతూ అవతలి గడిలోకి వచ్చినవాడి (కూతగాడి) వేలికొస చొక్కా అంచును తాకిందో లేదో గట్టు మీద కూర్చున్న ఊరంతా కళ్ళు చిట్లించి చూసినా తేలేది కాదు. తగిలించుకున్నవాడికి మాత్రం తెలుసు. కూతగాడు నడిగీత దాటి తన గడిలో పడ్డాక, ఎవరూ అడక్కముందే వాడు చెయ్యెత్తి "అందింది బావా, పోతున్నా" అని నడిచి వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాడు. ఈలలు, చప్పట్లు ఏమీ ఉండేవి కావు. అలా ఒప్పుకోవడం గొప్పేమీ కాదు, ఒప్పుకోకపోతేనే తప్పు.

దీన్ని ఆనాటి మనుషుల మంచితనం ఖాతాలో వేసి ఊరుకుంటాం గానీ, అసలు కారణం ఆటలోనే ఉంది. ఒంట్లో ఏ భాగానికి తగిలినా తగిలినట్టే. ఒంటి మీద బట్టకు తగిలినా అంతే. వదులు బనీను వేసుకున్నవాడు గాలికి చచ్చినట్టు, అంటే ఔటైనట్టు లెక్క. కూతగాడి వీపు ఒకవైపు కనపడకుండా చేస్తుంది, చేతులు పట్టుకుని నిలబడ్డ గొలుసు ఇంకోవైపు మూసేస్తుంది. పక్కగీతల దగ్గర ఇద్దరు అంపైర్లు, పైన ఒక రిఫరీ ఉండే పెద్ద పోటీల్లోనే అన్ని తగుళ్ళూ దొరకవు. ఇక ఊళ్ళో ఉండేది మెళ్ళో విజిలు వేసుకున్న డ్రిల్లు మాస్టారు ఒక్కరే. ఆయన కంటికి అందని సగం ఆటను ఆడేవాళ్ళ నోరే నడిపించాలి.

ఒప్పుకోవడానికీ ఒక వేళ ఉంది. ఇప్పుడు కొత్తగా చూసేవాళ్ళు పొరబడేది ఇక్కడే. తగిలిన క్షణాన చెయ్యెత్తెయ్యడం మర్యాద కాదు, సొంత జట్టుకు ద్రోహం. కూతగాడు కూత తెగకుండా తన గడికి చేరితేనే తగిలినవాడు చచ్చినట్టు. ఈలోగా వాణ్ని పట్టి ఆపితే తగిలినవాడికి ఏమీ కాదు, కూతగాడే చస్తాడు. అంటే తగిలినవాడే అందరికన్నా ముందు మీద పడాలి. పడ్డాక, వాడు జారిపోయి గీత అందుకున్నాక, అప్పుడు చెయ్యెత్తాలి.

అసలు చిక్కు పెనుగులాటలో ఉంటుంది. నలుగురు మీద పడ్డారు, కూతగాడు పాకుతూ చెయ్యి చాచి నడిగీత ముట్టుకున్నాడు. ఇప్పుడు వాణ్ని ముట్టుకున్న ప్రతివాడూ ఔటే, పట్టడానికి తాకినా సరే. నలుగురిలో ముగ్గురు తాకారా, నలుగురూ తాకారా? నాలుగోవాడు తన మనిషి భుజం మీద పడ్డాడే గానీ కూతగాణ్ని తాకలేదనుకోండి, దుమ్ములో అది ఏ కంటికీ కనపడదు. మాస్టారు "ఎవరెవరు?" అని అడిగితే ముగ్గురు లేచేవాళ్ళు. నాలుగోవాడి సంగతి చెప్పాల్సింది కూతగాడు. "వాడికి నేను తగల్లేదు మాస్టారూ" అంటే వాడికి ఒక పాయింటు పోతుంది. పైగా తన జట్టులో చచ్చి కూర్చున్నవాళ్ళలో ఒకడు లేచే అవకాశమూ పోతుంది, ఎందుకంటే అవతల ఎంతమంది చస్తే ఇవతల అంతమంది లేస్తారు. అంత ఖరీదైన నిజం చెప్పినవాడి పేరు చుట్టుపక్కల నాలుగూళ్ళలో పడేది. మరుసటి ఏడు వాడు కూతకొచ్చి "అందింది" అంటే ఎదురు మాట ఉండేది కాదు. నమ్మకం అలా కూడబెట్టుకునేవాళ్ళు. మర్యాద వెనక ఈ లెక్క కూడా ఉందని ఒప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

లాబీ తగాదా కూడా ఇలాంటిదే. బరికి అటూ ఇటూ మీటరు వెడల్పున ఉండే పట్టీ లాబీ. తగులు పడేదాకా అది ఆటలో లేనట్టే. తగలకుండా అందులో అడుగు పెట్టినవాడు ఔటు, వాడు కూతగాడైనా పట్టేవాడైనా. తగులు పడ్డ క్షణం నుంచి అదీ బరిలో భాగమే. మూలన ఉన్నవాడి మోకాలికి వేలు తగిలిందనుకుని కూతగాడు లాబీలోంచి పరుగెత్తి తన గడికి వచ్చాడు. తగిలిన మాట నిజమైతే ఒక పాయింటు, కాకపోతే తనే ఔటు. ఒక్క వేలి తగులు మీద రెండు జట్ల లెక్కలూ తలకిందులవుతాయి, సాక్షి మాత్రం అవతలి జట్టువాడే! పెద్ద గొడవలన్నీ ఇక్కడే పుట్టేవి. తేలకపోతే "ఆ కూత చెల్లదు, మళ్ళీ వెయ్యి" అనేవాళ్ళు. రూల్సు పుస్తకంలో లేని ఊరి తీర్పు అది. నా మటుకు అది మంచి తీర్పే.

గొడవలు తగ్గాలంటే పని ముందు రోజే మొదలవ్వాలి. పోటీలు పెట్టే సంక్రాంతికి పొలాలు ఖాళీగానే ఉంటాయి కదా అనుకుంటారు. డెల్టాలో ఉండవు. వరికోతకు ముందే చల్లిన మినుమో పెసరో అప్పటికి మొలిచి ఉంటుంది, అందులో అడుగు పెడితే రైతు ఊరుకోడు. కళ్ళం సంగతి సరేసరి. పేడతో అలికి, రోలరు దొర్లించి గట్టిపరిచిన నేల మీద పడితే మోచేతి చిప్ప పగులుతుంది. అందుకని బడి ఆవరణో చెరువు గట్టు కింది మెత్తటి నేలో చూసుకునేవాళ్ళు. నేలను జానెడు లోతు తవ్వి, గులకరాళ్ళు, తుమ్మముళ్ళు, గాజుపెంకులు ఏరి, మాగిన పశువుల ఎరువు, రంపపుపొట్టు కలిపి, సాయంత్రం నీళ్ళు చల్లి వదిలేస్తే పొద్దుటికి సరిగ్గా ఆరేది. నీళ్ళు ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే దుమ్ము లేచి కూత పెట్టేవాడి గొంతు పట్టేస్తుంది. ఎరువు పచ్చిగా ఉంటే గీరుకున్న చోటల్లా చీము పట్టేది. ఆతిథ్యం ఇచ్చే ఊరికి ఇదే మొదటి పరీక్ష. వచ్చిన జట్టు బరి మీద ఉత్తకాళ్ళతో ఒక చుట్టు తిరిగి చూసేది. ఒక్క ముల్లు గుచ్చుకున్నా ఊరి పరువు పోయినట్టే.

గీతలకు సున్నం వాడకూడదు. సరిగా చల్లారని సున్నం చెమట మీద, దోక్కున్న మోకాలి మీద మండుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ముగ్గుపిండి మేలు. గీత వెడల్పు రెండు వేళ్ళు చాలు. రూల్సులో 3 నుంచి 5 సెంటీమీటర్లు. మగవాళ్ళ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్ళకు 12, 8. మగవాళ్ళకైతే నడిగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో కూతగాడు దాటి రావాల్సిన బాక్ లైను, దాని తర్వాత ఇంకో మీటరుకు, దాటితే అదనపు పాయింటు వచ్చే బోనస్ గీత. తాడు పట్టుకుని కొలిచేటప్పుడు ఒక కొస వచ్చిన ఊరి కెప్టెన్ చేతికి ఇవ్వడం పద్ధతి. మూల నుంచి మూలకు రెండువైపులా 16 మీటర్ల 40 సెంటీమీటర్లు రాకపోతే బరి వంకర పోయినట్టు. గడులు సమానంగా లేకపోతే ఒక జట్టుకు నడిగీత దగ్గరవుతుంది, ఇంకో జట్టుకు దూరమవుతుంది. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రప్పూట ఒక జట్టు కళ్ళల్లో సూర్యుడు పొడుస్తాడు. సగంలో గడులు మారతాయి కదా అని వాదించేవాళ్ళు ఉంటారు గానీ, సగం ఆట అయ్యేసరికి పొద్దు కూడా కిందికి దిగిపోతుంది, రెండోవాడికి ఆ బాధే ఉండదు.

ఆ తర్వాత ఒప్పందం. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య పుట్టి రూల్సు ఒక దారికి తెచ్చినా, ఊళ్ళల్లో పాత తీర్లు చాలాకాలం కలగాపులగంగానే నడిచాయి. చచ్చినవాడు అవతల ఒకడు చస్తే లేచే సంజీవని, జట్టంతా చచ్చేదాకా లేవని గామిని, తగిలినా బయటికి పోకుండా పాయింటు మాత్రం ఇచ్చే అమర్. ఇవాళ చాలాచోట్ల ఆడేది సంజీవని తీరే. రెండూళ్ళు కలిసినప్పుడు ఏ తీరు, లాబీ ఉందా లేదా, బోనస్ లెక్కా కాదా, కూత "చెడుగుడు" అనా "కబడ్డీ" అనా అన్నీ ముందే అనుకునేవాళ్ళు. అనుకున్నది మధ్యలో మార్చమని అడిగిన జట్టును మళ్ళీ పిలిచేవాళ్ళు కాదు. పెంకుముక్కకు ఒకవైపు తడిచేసి ఎగరేసి "ఎండా వానా" అంటే టాసు. గెలిచినవాడు గడి కోరుకోవచ్చు, లేదా మొదటి కూత కోరుకోవచ్చు, రెండూ కాదు.

బరిలోకి దిగేముందు గోళ్ళు చూపించాలి. చాచిన అరచేతులు బోర్లించి, కాళ్ళ గోళ్ళు కూడా. మడమ పట్టబోయిన చేతి గోరు పిక్క మీద గీరితే వారం రోజులు నడవనివ్వదు, కంటికి తగిలితే చెప్పనక్కర్లేదు. ఒంటికి నూనె నిషేధం. కొబ్బరినూనె రాసుకుంటే పట్టు జారుతుందని కొంతమంది తెలివి. కానీ జారిన పట్టు ఊరికే పోదు. మడమ దగ్గర పడ్డ చెయ్యి మోకాలి దాకా జారి అక్కడ బిగుసుకుంటుంది, ఒళ్ళు ఒకవైపు కాలు ఒకవైపు తిరుగుతాయి. నూనె రాసుకున్నవాడి మోకాలే ముందు పోతుంది. ఉంగరాలు, కడియాలు, మెడగొలుసులు తీసెయ్యాలి. ఉంగరం ఎదుటివాడి నిక్కరు గుడ్డలో ఇరుక్కుంటే వేలి చర్మం ఊడొస్తుంది. తియ్యకూడని తాయెత్తయితే గుడ్డపీలిక చుట్టి ముడి లోపలికి తోసేవాళ్ళు. మొలతాడు నిక్కరు లోపలికి. తీసినవన్నీ ఒక పెద్దమనిషి తువ్వాలులో మూటకట్టి ఆయన చేతికే అప్పజెప్పేవాళ్ళు. ఆ పెద్దమనిషి అవతలి ఊరివాడైతే మరీ మర్యాద.

కూతకు పోయేవాడు నడిగీతను వేళ్ళతో తాకి నుదుటికి అద్దుకోవడం ఇప్పటికీ టీవీలో కనిపిస్తుంది. మట్టి పోయి మ్యాటు వచ్చినా ఆ చెయ్యి వంగుతూనే ఉంది. అది నేలతల్లికి దండమంటారు. నిజమే. దానివల్ల ఇంకో ఉపకారం కూడా ఉంది. వంగి లేచే ఆ క్షణంలో ఊపిరి ఛాతీ నిండా పీల్చుకోవచ్చు. కూత అవతలి గడిలో కాలు పెట్టకముందే మొదలవ్వాలి. ఆలస్యమైతే వెనక్కి పంపేసి అవతలివాళ్ళకు ఒక పాయింటు ఇస్తారు. ఇప్పుడు 30 సెకన్ల గడియారం ఉంది కాబట్టి కూత నామమాత్రమైంది. అప్పట్లో గడియారం లేదు, ఊపిరే గడియారం. అందుకే ఎదుటి జట్టు నోరు మూసుకుని వినడం మర్యాదల్లోకెల్లా పెద్దది. కేకలతో కూత వినపడకుండా చేసి "తెగింది, తెగింది" అని గోల చేసే జట్లు లేకపోలేదు. వాళ్ళ ఊరికి ఆడటానికి పోయేటప్పుడు మాస్టార్ని మనమే తీసుకుపోవాలి అనుకునేవాళ్ళు. కూతగాడికీ ఒక బాధ్యత ఉంది. పెదాల మధ్య గొణగకూడదు, ఊపిరి దొంగచాటుగా పీల్చకూడదు. మంచి కూత గట్టు మీద ఆఖరి మనిషికి కూడా వినపడాలి.

ఇక పట్టు. చెడుగుడులో మర్యాదంతా చేతుల్లో ఉంటుంది. ముందు ఏది పట్టకూడదో తెలియాలి. కాళ్ళు, చేతులు, మొండెం తప్ప ఇంకేదీ కావాలని పట్టకూడదు. జుట్టు, చొక్కా, నిక్కరు, మెడ వద్దు. నోరు నొక్కి కూత ఆపడం, గొంతు పట్టడం, రెండు కాళ్ళతో కత్తెర వేసి బిగించడం ఫౌలు. గీత అవతలికి మోటుగా తోసెయ్యడం కూడా. మూలన ఉన్నవాడు మడమ పట్టేటప్పుడు రెండు చేతులూ కలిపి పట్టి, కాలును తన వెనకగీత వైపు తిన్నగా లాగాలి. మెలి తిప్పకూడదు. మడమ ఒకడి చేతిలో ఉండగా రెండోవాడు నడుం పట్టి అదే దిక్కుకు తొయ్యాలి. ఇద్దరూ చెరో దిక్కుకు లాగితే మోకాలి కీలును పట్టి ఉంచే లిగమెంట్లు తెగుతాయి, ఆ కాలితో మళ్ళీ ఆడటం కల్ల. పట్టేవాడి తల కూతగాడి ఒంటికి బయటి పక్కన ఉండాలి, కడుపుకి ఎదురుగా కాదు. లేకపోతే మోకాలి దెబ్బ నేరుగా మొహానికి తగులుతుంది, ఆ తప్పు కూతగాడిది కాదు. కూతగాడి వైపున మర్యాదేమిటంటే కాలు నడుం దాటి లేవకూడదు. వెనక్కి తాపు తన్నే హక్కు ఉంది గానీ, వెనక వంగి ఉన్నవాడి దవడ ఎక్కడుందో చూసుకుని తన్నాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వదలడం. కూత తెగినా, విజిలు పడినా పట్టు ఆ క్షణానే సడలాలి. విజిలు తర్వాత ఇంకో మెలి తిప్పినవాణ్ని సొంత కెప్టెనే బయటికి పంపేవాడు. ఇప్పుడైతే ఆకుపచ్చ కార్డుతో హెచ్చరిక, పసుపు కార్డుతో 2 నిమిషాలు బయట, ఎర్ర కార్డుతో ఆటకే దూరం. కుప్ప మీంచి లేచే పద్ధతి కూడా ఉంది. పైవాడు ముందు, అదీ కిందివాడి వీపు మీద అరచెయ్యి ఆనించి కాదు, పక్కకు దొర్లి లేవాలి. అందరికన్నా కిందున్న కూతగాడు ఆఖర్న లేస్తాడు. వాణ్ని ఏడిపించినవాడే మణికట్టు పట్టి లేపి, వీపు మీద మట్టి రెండు చరుపులు చరిచి దులిపేవాడు. గట్టు మీదున్న ఆడవాళ్ళు నవ్వేది కూడా అప్పుడే: ఇప్పుడే కదరా కొట్టుకున్నారు!

చచ్చినవాళ్ళు కూర్చునే వరసకూ లెక్క ఉంది. వెనకగీతకు 2 మీటర్ల అవతల, చచ్చిన క్రమంలోనే కూర్చోవాలి. ముందు చచ్చినవాడే ముందు లేస్తాడు. ఆటలో మొనగాడు మూడోవాడుగా కూర్చుని, తనే ముందు లేవాలని ఒక స్థానం ముందుకి జరిగితే అవతలివాళ్ళు గమనించకపోవచ్చు. పక్కన కూర్చున్న కుర్రాడు గమనిస్తాడు. సొంత జట్టువాడి వంతు తినేయడం ఎదుటివాణ్ని మోసం చెయ్యడం కన్నా హీనం. జట్టంతా చస్తే లోనా, అవతలివాళ్ళకు అదనంగా 2 పాయింట్లు. ఏడుగురూ 10 సెకన్లలోపు మళ్ళీ బరిలోకి రావాలి. ఆ పది సెకన్లూ గెలిచిన జట్టు తొడ కొట్టకూడదు, మీసం తిప్పకూడదు. ఇప్పుడు టీవీలో ప్రతి పాయింటుకూ తొడ కొడుతున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ పాత లెక్కలో తొడ కొట్టేది కూతకు ముందు, పిలుపుగా. పడ్డవాడి ఎదురుగా కాదు.

మాస్టారితో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే. బోనస్ మీద చిక్కొస్తే మరీను. అవతల కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్ లెక్క. ఒక కాలు బోనస్ గీత దాటినప్పుడు రెండో కాలు గాల్లో ఉండాలి. ఆ రెండో కాలు నేలను వదిలిందో లేదో చూడాలంటే నేలకు కళ్ళు ఆనించాలి. మూలన వంగి ఉన్నవాడికే అది బాగా కనిపిస్తుంది. వాడు "లేచింది మాస్టారూ" అన్నాడంటే తన జట్టుకు నష్టం చేసుకున్నట్టే. అలా అన్నవాళ్ళున్నారు. అనని వాళ్ళూ ఉన్నారు. పాత రోజులన్నీ బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కులం చూసి జట్టులోకి రానివ్వని ఊళ్ళున్నాయి, చచ్చినవాళ్ళకు నీళ్ళు పోసే చోటు కూడా వేరుగా పెట్టినవి. బరిలో మెడ మీద మెడ పడి పెనుగులాడాక గ్లాసు దగ్గర మాత్రం అంటు గుర్తొచ్చేది. దానికి మర్యాద అని పేరు పెట్టలేం.

1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆటయ్యింది. 2014లో ప్రొ కబడ్డీ మొదలై తెలుగు టైటాన్స్ పేరుతో మనకూ ఒక జట్టొచ్చింది. మ్యాటు, బూట్లు, కెమెరాలు, రివ్యూ అన్నీ వచ్చాయి. వేలి తగులు ఇప్పుడు పెద్ద తెర మీద మెల్లగా తిప్పి చూపిస్తారు. మాస్టారి కన్ను చూడనిది కెమెరా చూస్తుంది కాబట్టి ఒప్పుకోవాల్సిన అవసరం సగం తగ్గింది. తగిలినా తగల్లేదన్నట్టు చేతులు ఊపి, రివ్యూ దాకా లాగి, తెర మీద తేలాక తల దించుకుని పోవడం అలవాటైంది. అయినా రిఫరీ విజిలు పడకముందే చెయ్యెత్తి గీత దాటి వెళ్ళిపోయేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది చిన్నప్పుడు మట్టిలో ఆడినవాళ్ళే అయ్యుంటారని నా అనుమానం.

ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా ఎదురెదురు నడుస్తూ చేతులు కలిపేవాళ్ళు. దోక్కున్న చోట ముందు నీళ్ళతో మట్టి పూర్తిగా కడగాలి. కడగకుండా పసుపు అద్దితే లోపల మట్టి ఉండిపోయి పుండవుతుంది. మజ్జిగ ముంత మొదట వచ్చిన ఊరివాళ్ళకి, ఓడినా గెలిచినా. కాలు బెణికినవాణ్ని బండి దాకా మోసేది ఆతిథ్యం ఇచ్చిన జట్టువాళ్ళే, వాడి జట్టువాళ్ళు కాదు. చివర్న పెద్దమనిషి తువ్వాలు మూట విప్పేవాడు. ఉంగరాలు, గొలుసులు, కడియాలు ఎవరివి వాళ్ళు ఏరుకునేవాళ్ళు. ఎంత జాగ్రత్తగా పంచినా ఒక వెండి ఉంగరం మిగిలేది. అది మళ్ళీ వారం సంతలో, పచ్చిమిరపకాయల గోతాల పక్కన, రెండూళ్ళ వాళ్ళు కలిసినప్పుడు చేతులు మారేది.